దోమ నేర్చుకోని పాఠం

తెలుగు పాఠం చెప్పుకునేవాడికి దోమల సంగతి ఎందుకని మీరడగవచ్చు. సమంజసమైన ప్రశ్నే. మొన్న మొన్నటిదాకా నాకూ దోమకూ వున్న సంబంధాలు రెండే: తరగతిలో అది అమహద్వాచకం, ఇంట్లో అది దోమతెర అవతలి శత్రువు. అంతకుమించి పరిచయం పెంచుకోవాలని ఏనాడూ అనిపించలేదు.

పోయిన వానాకాలంలో మా వీధిలో పుట్టిన ఒక చిన్న వాక్యం నన్ను ఈ గొడవలోకి దింపింది.

“దోమలు మందుకి అలవాటు పడిపోయాయండీ!”

అన్నవారు మా ఎదురింటి పెద్దమనిషి. విన్నవాళ్ళందరూ తలలూపారు. నేనూ వూపాను. ఆ వాక్యంలో క్రియ తప్పని నాకప్పుడు తోచలేదు. తెలుగు మాస్టరుకు ఆ తప్పు పట్టి చూపించినవారు జంతుశాస్త్రం మాస్టరు కావడం నాకు కొంచెం చిన్నతనంగానే వుంది. అయినా చెబుతాను.

మాది కామవరపుకోట. ఏలూరు జిల్లాలో మెట్టప్రాంతం. గుంటుపల్లి బౌద్ధగుహలు చూడవచ్చినవారికి మా మండలం తెలిసే వుంటుంది. నేను రోజూ బస్సెక్కి ఏలూరు వెళ్ళి, ఒక కళాశాలలో పాఠం చెప్పి, దీపాలవేళకు తిరిగి వస్తాను. నా చిన్నతనంలో మా మెట్టవాళ్ళకు దోమ అంటే డెల్టా సరుకు. కొల్లేటివైపు చుట్టాలింటికి వెళితే సందెవేళ వేపాకు పొగ పెట్టేవారు. “మీ ఊళ్ళో దోమలు మనుషుల్ని ఎత్తుకుపోతాయర్రా!” అని మా నాన్నగారు వేళాకోళం చేసేవారు.

ఆ కొల్లేటివైపే మా మేనత్తను ఇచ్చారు. మామయ్య పోయాక ఆవిడ మా దగ్గరే వుంటున్నారు. కుడికాలు మోకాటి దిగువనుంచి బోదకాలు. ఏడాదికి మూడు నాలుగుసార్లు కాలు ఎర్రబడి, వణుకుతో జ్వరం వస్తుంది. రోజూ సబ్బుతో కాలు కడుక్కుని, మెత్తని గుడ్డతో తుడుచుకుని, పీటమీద చాపుకుని కూర్చుంటారు. చీకటి పడకముందే మా ఎనిమిదేళ్ళ అమ్మాయిని పిలిచి తనతోపాటు దోమతెరలో కూర్చోబెట్టుకుంటారు. ఎందుకత్తయ్యా ఇంత తొందర అంటే, “ఈ కాలు నాతోనే పోవాలిరా అబ్బాయ్” అంటారు.

ఆవిడ భయం వట్టిది కాదు. బోదకాలును మోసేది క్యూలెక్స్ అనే మురుగునీటి దోమ. రోగి రక్తంలో వున్న సన్నని క్రిములను అది పీల్చుకుంటుంది. అవి దోమ ఒంట్లో పెరిగి, మరొకరిని కుట్టినప్పుడు వారిలోకి చేరతాయి. ఆ క్రిములు రాత్రివేళే రక్తంలో పైకి వస్తాయి. అందుకే ఫైలేరియా సిబ్బంది రాత్రిపూట లాంతర్లు పట్టుకుని వచ్చి, నిద్రపోయేవాళ్ళను లేపి, వేలు గుచ్చి రక్తం తీసేవారు. గోదావరి జిల్లాల పెద్దవాళ్ళకు ఇది బాగా జ్ఞాపకం. దేశంలో ఫైలేరియా నివారణ పథకం 1955లో మొదలైంది. 2004 నుంచి ఇంటింటికీ మాత్రలు మింగించే కార్యక్రమం జరిగింది. మాత్రలు క్రిమిని చంపుతాయి గాని, దోమను పుట్టకుండా చెయ్యవు గదా!

ఇప్పుడు దోమ డెల్టా సరుకు కాదు. మా వీధిలో ఇళ్ళు పెరిగాయి. ప్రతి ఇంటికీ సెప్టిక్ ట్యాంకు వచ్చింది. స్నానాల నీళ్ళు పోవడానికి కాలవ వుంది గాని, ఆ కాలవలో నీళ్ళు నడవవు, నిలబడతాయి. రెండేళ్ళ క్రితం మా వీధిలో పన్నెండు ఇళ్ళవాళ్ళం చందాలు వేసుకుని, ఏలూరు నుంచి ఒక పొడి తెప్పించాం. విషం కాదు, సూక్ష్మజీవి పొడి. మనుషులకూ పశువులకూ హాని లేదు, నీళ్ళలో దోమపిల్లలను మాత్రం చంపుతుంది అన్నారు. మొదటి ఏడు అలాగే జరిగింది. అత్తయ్య సందెవేళ అరుగుమీద కూర్చుని మా అమ్మాయికి కథలు చెప్పారు. రెండో ఏడు వానలు పడేసరికి మళ్ళీ అదే రొద. పొడి చల్లిన నాలుగో రోజుకు కూడా తగ్గలేదు. అప్పుడే ఆ వాక్యం పుట్టింది. దాని వెనకాలే తీర్మానం కూడా పుట్టింది: మందు రెట్టింపు చెయ్యాలి, వారం వారం చల్లాలి, చందా కూడా రెట్టింపు. వచ్చే ఆదివారం మా అరుగుమీదే సమావేశం.

మర్నాడు ఈ సంగతి మా కళాశాలలో జంతుశాస్త్రం చెప్పే మిత్రుల దగ్గర ఎత్తాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టారు.

“మాస్టారూ, మీరు భాష చెప్పేవారు. అలవాటు పడడం అంటే ఏమిటి?”

“మొదట్లో మా ఆవిడ వంటలో కారం నోరు మండించేది. ఇప్పుడు అది లేకపోతే ముద్ద దిగదు. అదీ అలవాటు.”

“అంటే తిన్న మనిషే తింటూ తింటూ మారాడన్నమాట. దోమపిల్లకు ఆ వ్యవధి ఏదీ? ఈ మందు తిన్నది ఒకటి రెండు రోజుల్లో పోతుంది. చచ్చినది నేర్చుకోలేదు. బతికినదానికి నేర్చుకోవలసిన అవసరమే లేదు. అది పుట్టుకతోనే అలా పుట్టింది.”

తరువాత ఆయన చెప్పిన కథను నాకర్థమైనంతవరకు మీకు అప్పజెబుతాను.

దోమ గుడ్లు పెట్టేది నీళ్ళలో. క్యూలెక్స్ ఆడదోమ వందకు పైగా గుడ్లను చిన్న తెప్పలాగా కట్టి నీటిమీద వదులుతుంది. వాటిలోంచి పిల్లపురుగులు వస్తాయి. తలకిందులుగా వేలాడుతూ, నీడ పడితే చాలు మెలికలు తిరుగుతూ అడుగుకు పోతాయే, అవే. శాస్త్రజ్ఞులు వాటిని డింభకాలంటారు. అవి నీటిలో దొరికిన నలుసునల్లా తింటాయి. ఆ తరువాత కామా గుర్తులాగా వంకర తిరిగిన ప్యూపా దశ. ప్యూపా ఏమీ తినదు. ఒకటి రెండు రోజుల్లో దానిలోంచి దోమ లేచిపోతుంది. మన ఎండలకు గుడ్డునుంచి దోమదాకా పదిరోజులు చాలు.

పిల్లపురుగు ఆ తిండిపోతుతనమే సూక్ష్మజీవి మందుకు ఆధారం. బాక్టీరియాలో కొన్ని జాతులు కీటకాలకు విషమైన స్ఫటికాలను తమ ఒంట్లోనే తయారుచేసుకుంటాయి. 1901లో జపానులో ఇషివాటా అనే శాస్త్రజ్ఞుడు పట్టుపురుగులను చంపుతున్న ఇలాంటి బాక్టీరియాను చూశాడు. 1911లో జర్మనీలో బెర్లినర్ అనే ఆయన పిండిపురుగుల్లో దాన్ని చూసి, తరువాత తురింజియా అనే ప్రాంతం పేరుమీద బాసిల్లస్ తురింజియెన్సిస్ అని నామకరణం చేశాడు. 1976లో ఇజ్రాయెల్ దేశపు నెగెవ్ ఎడారిలో ఒక నీటిగుంటలో క్యూలెక్స్ పిల్లలు చచ్చి తేలుతుంటే, గోల్డ్‌బర్గ్, మార్గలిత్ అనే ఇద్దరు ఆ నీటిలోంచి ఇదే జాతిలో దోమలను చంపే రకాన్ని పట్టారు. దాన్ని పొట్టిగా బి.టి.ఐ. అంటారు. ఇలాంటిదే మరొకటి బాసిల్లస్ స్ఫేరికస్. ఈమధ్య శాస్త్రజ్ఞులు దాని ఇంటిపేరు లైసినీబాసిల్లస్ అని మార్చారు గాని, పాతపేరే వాడుకలో వుంది. ఇది మురుగునీటిలో ఎక్కువకాలం నిలబడుతుంది. అందుకే బోదకాలు దోమమీదికి దీన్ని ప్రత్యేకంగా పంపుతారు. మా వీధివాళ్ళం తెచ్చిన పొడి ఇదే.

పిల్లపురుగు ఈ స్ఫటికాన్ని మింగుతుంది. దాని జీర్ణకోశంలో క్షారగుణం ఎక్కువ. మన కడుపులో వుండేది ఆమ్లం. క్షారంలో స్ఫటికం కరిగి విషం బయటపడుతుంది. అయితే ఆ విషం పనిచెయ్యాలంటే పేగుగోడను పట్టుకుని వేలాడడానికి ఒక ఆధారం కావాలి. పాతకాలపు ఇళ్ళలో గోడలకు చిలక్కొయ్యలుండేవి, జ్ఞాపకముందా? చిలక్కొయ్య వుంటేనే చొక్కా తగిలించగలం. పురుగు పేగుగోడకు కూడా అలాంటి కొయ్య ఒకటుంది. నిజానికది చక్కెరను జీర్ణం చెయ్యడానికి వున్న ప్రోటీను. స్ఫేరికస్ విషం రెండు ముక్కలు. ఒక ముక్క ఆ కొయ్యను పట్టుకుంటుంది, రెండోది పేగుకణాన్ని చంపుతుంది. కొయ్య లేకపోతే? విషం తగులుకోవడానికి చోటు లేక అలాగే జారిపోతుంది. పురుగు నిక్షేపంగా పెరిగి దోమవుతుంది.

అలాంటి కొయ్యలేని పురుగులు లక్షల్లో ఏ ఒకటో రెండో, మందు చల్లకముందునుంచే వుంటాయి. బ్రెజిల్ దేశంలో రెసిఫే అనే పట్టణపు దోమల్లో శాస్త్రజ్ఞులు ఈ లోపాన్ని జన్యువుదాకా వెళ్ళి పట్టుకున్నారు. కొయ్యను తయారుచేసే జన్యువులో 19 అక్షరాలు ఎగిరిపోయాయట. అక్షరాలు ఎగిరిపోతే పద్యం పాడవుతుందని నాకు తెలుసు గాని, దోమకు ప్రాణం నిలుస్తుందని అప్పుడే విన్నాను.

“మరి ఆ ఒకటీ రెండూ వీధంతా ఎలా నిండుతాయండీ?” అన్నాను.

“మీకు తెలిసిన మాటలోనే చెబుతాను. ఈ లోపం తల్లి తండ్రి ఇద్దరి నుంచీ వస్తేనే పురుగు బతుకుతుంది. ఒకరినుంచే వస్తే, రెండోవారినుంచి వచ్చిన మంచి జన్యువు కొయ్యను తయారుచేస్తుంది. ఆ పురుగు మందుకు పోతుంది. అందువల్ల మొదట్లో ఈ లక్షణం మరుగున పడి వుంటుంది. మీరు కాలవలో మిగతావాటినన్నిటినీ తుడిచిపెట్టారనుకోండి. మిగిలిన నాలుగింటికీ బయటి సంబంధాలు ఎక్కడివి? అన్నీ మేనరికాలే!”

నేను నవ్వాను గాని, ఆయన నవ్వలేదు. కొచ్చి కథ చెప్పారు.

కొచ్చి కూడా మనలాగే నీళ్ళూ మురుగూ బోదకాలూ వున్న ఊరు. అక్కడ క్యూలెక్స్ పిల్లలమీద స్ఫేరికస్‌ను రెండేళ్ళలో 35 సార్లు చల్లారు. ఆ తరువాత పరీక్షిస్తే, ఆ పిల్లపురుగుల నిరోధకశక్తి 146 రెట్లయిందని 1995లో ప్రకటించారు. అంటే మామూలు పురుగుల్లో సగాన్ని చంపడానికి ఒక చెంచా పొడి చాలితే, వీటికి 146 చెంచాలు కావాలన్నమాట. వాటినే ప్రయోగశాలలో పెంచి, తరం తరువాత తరానికి అదే మందు పెడితే అది వేలరెట్లకు పోయింది. ఫ్రాన్సు దక్షిణభాగంలోనూ, చైనాలోనూ ఇలాగే జరిగింది. థాయిలాండులో ఒకచోట నాలుగు నెలల్లో ఐదుసార్లు చల్లేసరికి లక్షా పాతికవేల రెట్లు దాటింది. ఆ స్థితికి వచ్చాక రెట్టింపు మోతాదు మాట హాస్యాస్పదం. కాలవలో నీటికి బదులు పొడే పోసినా చావవు.

ఇది మనకు కొత్త కథ కూడా కాదు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా ఏడున్నర కోట్లమందికి మలేరియా వచ్చేదని అంచనా. 1953 నుంచి డి.డి.టి. చల్లాక 1965 నాటికి అది లక్షకు దిగింది. మలేరియా పోయిందనే అనుకున్నారు. 1976లో 64 లక్షలు దాటింది. దానికి కారణాలు చాలా వున్నాయి. వాటిలో ఒకటి, డి.డి.టి.కి లొంగని దోమలు మిగిలి పెరగడం. సికింద్రాబాదులో 1897లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని పట్టుకున్ననాటినుంచి మనం దోమను చంపే దారులు వెతుకుతూనే వున్నాం. ప్రతిదారిలోనూ చివరకు లొంగనివాటినే మిగుల్చుకుంటున్నాం.

“అయితే ఇక సూక్ష్మజీవి మందు దండగేనా?” అని నిట్టూర్చాను.

“తొందరపడకండి. బి.టి.ఐ. సంగతి వేరు. జర్మనీలో రైన్ నది ఒడ్డున 1981 నుంచి చల్లుతున్నారు. దశాబ్దాలు గడిచాక చూసినా అక్కడి దోమల్లో నిరోధకశక్తి కనబడలేదు. ఎందుకంటే దానిలో ముఖ్యమైన విషాలే నాలుగు. ఒకే చిలక్కొయ్యను నమ్ముకుని వచ్చినవి కావు. నాలుగో విషానికి అసలు కొయ్యే అక్కరలేదు. కణం పొరలోని కొవ్వునే పట్టుకుంటుంది. పైగా తానే గోడకు దిగి, పక్క విషానికి కొయ్యగా నిలుస్తుంది.”

అమెరికాలో కాలిఫోర్నియాలో జార్జియూ, విర్త్ అనే శాస్త్రజ్ఞులు దీన్ని లెక్కకట్టి 1997లో ప్రకటించారు. క్యూలెక్స్ పిల్లలకు 25, 28 తరాలపాటు ఒక్కొక్క గుంపుకు ఒక్కొక్క రకంగా మందు పెట్టారు. ఒకే విషం పెట్టిన గుంపులో నిరోధకశక్తి 900 రెట్లు దాటింది. రెండు పెట్టినచోట 122 రెట్లు దాటింది. మూడు పెట్టినచోట 91. నాలుగూ కలిపి పెట్టినచోట మూడు రెట్లకు కాస్త పైన, అంతే. ఒక లోపంతో ఒక విషాన్ని తప్పించుకోవచ్చు. నాలుగింటినీ ఒకేసారి తప్పించుకునే పురుగు పుట్టడం చాలా అరుదు. స్ఫేరికస్‌కు లొంగనివి సాధారణంగా బి.టి.ఐ.కి లొంగుతాయి. అందుకే ఈ రెంటినీ మార్చి మార్చి వాడమంటారు. రెంటినీ కలిపిన గుళికలు కూడా వాడుకలో వున్నాయి.

ఇంతకీ మా వీధి దోమలు కొచ్చి దోమలయ్యాయా? మిత్రులు తేల్చేద్దామన్నారు. నేను మా కాలవలోంచి ఒక సీసాడు పిల్లపురుగులను పట్టుకున్నాను. ఏనాడూ మందు ఎరగని ఒక పొలంగుంట నుంచి మరో సీసాడు తెచ్చాను. రెండు సీసాలూ సంచీలో పెట్టుకుని బస్సులో నిలబడి ఏలూరు వెళ్ళిన ఆనాటి ప్రయాణం నా జీవితంలో మరచిపోలేను. కండక్టరు “మాస్టారూ, తేనా?” అని అడిగాడు.

ప్రయోగశాలలో గ్లాసుకు 25 చొప్పున వేశారు. కొన్ని గ్లాసుల్లో మందు లేదు. మిగిలినవాటిలో తక్కువనుంచి ఎక్కువకు మెట్లుమెట్లుగా కొత్త పొడి కలిపారు. “ఒకే మోతాదుతో చూస్తే ఏమీ తెలియదు. ఎక్కువ మందుకు మొండివి కూడా పోతాయి. తక్కువ మోతాదులో ఎన్ని బతుకుతాయన్నదే చూడాలి” అన్నారు. రెండు రోజుల తరువాత లెక్కపెట్టాం. మా వీధి పురుగులూ పొలంగుంట పురుగులూ ఇంచుమించు ఒకే తీరుగా చచ్చాయి.

“మాస్టారూ, మీ దోమలకింకా ఏ పట్టా రాలేదు. మీ కాలవ చూడాలి” అన్నారాయన.

ఆదివారం సమావేశానికి ఆయనే వచ్చారు. ముందు కాలవ చూశారు. మూడువంతులు నల్లని బురద. పైన ప్లాస్టిక్ సంచులు, తెట్టు. మేము చల్లిన పొడి ఆ తెట్టుమీద పడి ఎండకు పాడయింది, లేదా బురదలోకి దిగిపోయింది. పురుగు నోటికి అందింది తక్కువ. పైగా మేము చల్లేది ఎప్పుడు? దోమలు కుట్టడం ఎక్కువైనప్పుడు. అప్పటికి కాలవలో సగం ప్యూపాలు. తినని దానికి తిండిలో మందు పెట్టి ఏం లాభం? ఆ తరువాత ఆయన పొడి ఎక్కడ దాచారని అడిగారు. నేను మాట్లాడలేదు. పొట్లం మూతి విప్పి, ఎండపడే మా వరండా గూట్లో వేసవి అంతా వుంచినవాణ్ణి నేనే. చివరికాయన సెప్టిక్ ట్యాంకుల గాలిగొట్టాలకేసి చూపించారు. పన్నెండిటిలో ఒక్కదానికీ వల లేదు. దోమలకు అవి రాజద్వారాలు!

“అయితే మందు రెట్టింపు చేస్తే పోయేదేముందండీ?” అని ఎదురింటి పెద్దమనిషి పట్టు విడవలేదు.

“ఇప్పుడు మీ దోమలు ఈ మందుకు లొంగుతున్నాయి. అది మీ ఆస్తి. కాలవను ఇలాగే వుంచి, ఒకే మందు వారం వారం గుప్పిస్తే, ఆ ఆస్తిని మీ చేతులతోనే పోగొట్టుకుంటారు. ఒకసారి లొంగనివి నిండాక, నిజంగా అవసరమైననాడు ఈ మందు మీకు పనికిరాదు.”

ఎవరూ మాట్లాడలేదు. లోపల్నుంచి అత్తయ్య అన్నారు: “పారే నీళ్ళలో దోమ పెరగదురా. మా అత్తగారింట్లో అందరికీ తెలుసు. చేసినవాళ్ళే లేరు.”

పుదుచ్చేరిలో 1981 నుంచి 1985 దాకా అక్కడి దోమల పరిశోధన కేంద్రంవారు బోదకాలు దోమమీద చేసిన పెద్ద ప్రయత్నంలో కూడా మొదటిపీట మురుగు కదల్చడానికీ, గుంటలు పూడ్చడానికీ వేశారని మా మిత్రులు చెప్పారు. అత్తయ్యకది కొత్తగా అనిపించలేదు.

రెట్టింపు చందా వసూలయింది గాని, అది పొడికి పోలేదు. ఇద్దరు కూలీలను పెట్టి బురద ఎత్తించాం. కాలవ అడుగున వాలు సరిచేయించాం. గాలిగొట్టాలకు సన్నని వల కట్టాం. ప్రతి ఆదివారం ఒక ఇంటివారు కాలవ చూడాలని వంతులు వేసుకున్నాం. ఎక్కడ నీరు నిలవక తప్పదో అక్కడ మాత్రమే, కొలతప్రకారం, పిల్లపురుగులు కనబడిన వెంటనే మందు. కొన్నాళ్ళు స్ఫేరికస్, కొన్నాళ్ళు బి.టి.ఐ. పొట్లం ఇప్పుడు మా ఇంట్లో లేదు. నన్ను నమ్మక, ఎదురింటి పెద్దమనిషి తమ ఇంట్లో చీకటిగదిలో పెట్టించుకున్నారు.

దోమలు పోయాయని చెప్పను. బాగా తగ్గాయి. అత్తయ్య సందెవేళ మా అమ్మాయిని తెరలోకి పిలవడం మానలేదు, నేను మానమనను కూడా. కాని తెరలోకి వెళ్ళేముందు ఓ అరగంట ఇద్దరూ అరుగుమీద కూర్చుంటున్నారు.

మొన్న బస్సులో పక్కఊరాయన, “మా దోమలు మందుకి అలవాటు పడ్డాయండీ” అన్నారు. ఈసారి నేను తల వూపలేదు. “దోమలు కాదండీ, అలవాటు పడింది మనం. మందు చల్లి కాలవ మరిచిపోవడానికి” అన్నాను. ఆయన నన్ను వింతగా చూసి, “మీరు జంతుశాస్త్రం చెబుతారా?” అని అడిగారు.

“లేదండీ, తెలుగు” అన్నాను.